అచ్చులో తప్పా, కుట్టులో తప్పా

పొద్దున ఎనిమిదింటికల్లా బైండరు రెండుసార్లు అరిచేశాడు. ఒకసారి జిగురు పల్చగా ఉందని, ఇంకోసారి జిగురు చిక్కగా ఉందని. రెండుసార్లూ అదే గిన్నె, అదే జిగురు. ఆయన భార్య రెండుసార్లూ "సరేలెండి" అంది. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఎక్కువసార్లు వాడిన మాట అదే.

ఆ ఇంట్లో ముందు గది పుస్తకాలు బైండు చేసే షాపు, వెనక రెండు గదులు కాపురం. మధ్యలో గుమ్మం ఉంది గాని తలుపు లేదు. ఒకప్పుడు ఉండేది. ఎవరో పుస్తకం అట్టకి రంగు మారిందన్నారని ఎనిమిదేళ్ళ క్రితం ఆయన వెళ్ళి ఆ తలుపుని తన్నాడు. అట్ట రంగుకీ తలుపుకీ ఏం సంబంధమో ఆయనకే తెలియాలి. ఊడిన తలుపుని మళ్ళీ బిగించమని అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేకపోయింది.

భార్యని వీధిలో అందరూ దారం వదిన అంటారు. ఆవిడ భుజం మీద ఎప్పుడు చూసినా తెల్లదారం పోగులు వేలాడుతుంటాయి. ప్రెస్సులో పెద్ద కాగితం మీద పదహారు పేజీలు అచ్చయి వస్తాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. ఆ ఫారాల్ని వరసగా పేర్చి, వీపున సూదితో కుట్టి, అట్ట తొడిగితే పుస్తకం. కుట్టు ఆవిడది, అట్ట ఆయనది, అరుపులు కూడా ఆయనవే.

ఆ గదిలో ఒక కుంటి టేబులు ఉంది. దాని కాలి కింద ఎత్తుకోసం పెట్టిన పుస్తకానికి అట్ట తలకిందులుగా ఉంటుంది. పెళ్ళయిన కొత్తలో బైండరు పరధ్యానంగా మూడు వందల పుస్తకాలకి అట్టలన్నీ అలాగే అతికించాడు. ఆవిడ నాలుగు రోజులు నేల మీద కూర్చుని, తడిగుడ్డతో ఒక్కొక్క అట్టా ఊడదీసి సరిచేసింది. బాగుపడకుండా మిగిలిపోయిన ఒక్కటీ టేబులు కిందికి చేరింది. కూతుళ్ళిద్దరికీ అది చూస్తే నవ్వు, కానీ తండ్రి ఎదురుగా నవ్వేంత తెగువ ఎవరికుంది?

పెద్దకూతురికి ఇరవై ఆరేళ్ళు. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే పని. ఎక్కడ చిన్న కొమ్ము తప్పినా పట్టుకుంటుంది. చిన్నదానికి ఇరవై ఒకటి. కాలేజీ ఆఖరి ఏడాది. నోరు మూతపడదు గనక ఇంటిల్లిపాదీ రేడియో అని పిలుస్తారు. నెల క్రితం పెద్దదానికి రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. సూదితో తీసిన ముక్కని ఎక్కడో పెద్ద ల్యాబుకి పంపారు. ఫలితం ఎప్పుడొస్తుందా అని ఇంట్లో అందరూ కాచుకుని ఉన్నారు, బయటికి మాత్రం ఎవరి పని వాళ్ళు చేసుకుంటున్నారు.

ఫోను తొమ్మిదింపావుకి మోగింది. ఆసుపత్రిలో రాయించిన నంబరు షాపుదే. పెద్దది అప్పటికే ప్రెస్సుకి వెళ్ళిపోయింది. జిగురు చేతిని చొక్కాకి తుడుచుకుని బైండరే ఎత్తాడు.

"మీ అమ్మాయి రిపోర్టు వచ్చిందండీ" అంది డాక్టరమ్మ. "క్యాన్సరే. కానీ చాలా అరుదైన రకం. జన్యువుల్లో ఒక మార్పు కనిపించింది. అయితే ఇది..."

"జన్యువులా?" అన్నాడు ఆయన.

"అవునండీ. కంగారు పడకండి, అది ఎలాంటి మార్పంటే..."

ఆయన ఫోను పెట్టేశాడు. బైండరుకి ఎప్పుడూ సగం మాట చాలు. మిగతా సగం తనే పూరించుకుంటాడు, అదే నిజమని కూర్చుంటాడు. జన్యువులంటే ఏమిటో ఆయనకి తెలియకపోవడమేం? ఏటా వేల కొద్దీ స్కూలు పుస్తకాలకి అట్టలు వేస్తాడు. సైన్సు పుస్తకం ఎనిమిదో ఫారం చివరి పేజీలో ఒక బొమ్మ ఉంటుంది. తాత ముక్కు, నాన్న ముక్కు, మనవడి ముక్కు, మూడూ ఒకటే. పైన పెద్దక్షరాలతో "జన్యువులు" అని. జన్యువులంటే వంశం. వంశం అంటే... ఆయన తల తిప్పి భార్యని చూశాడు. ఆవిడ తల్లి నలభై ఏళ్ళకే రొమ్ములో పుండుతో పోయింది.

ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తోంది. "ఎవరండీ ఫోను? ఆసుపత్రి వాళ్ళేనా?" అంటూ తలెత్తింది. ఎత్తిన ముఖం మీద ఫెళ్ళుమని దెబ్బ పడింది. సూది ఎక్కడికో ఎగిరిపోయింది. ఆవిడ పక్కనున్న ఫారాల కట్ట మీదికి ఒరిగిపోయింది.

"మీ అమ్మది!" అని అరిచాడాయన. "మీ అమ్మ రోగం మోసుకొచ్చి నా కూతురికి అంటగట్టావు! జన్యువులంట! మీ పాడు వంశం!"

"ఏమైందండీ? దానికేమైంది?"

"క్యాన్సరు! విన్నావా? నీ పాలు తాగింది కదా, నీ రక్తం కదా, ఇంకేమొస్తుంది దానికి!"

జిగురు గిన్నె గోడకి తగిలింది. పొయ్యి మీంచి అప్పుడే దించిన వేడి జిగురు గోడ మీద చింది కిందికి కారింది. వెనక గది గుమ్మంలో రేడియో నిలబడి ఉంది, చేతిలో దువ్వెనతో. ఆ పిల్ల నోట్లోంచి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక్క మాట కూడా రాలేదు. తండ్రి చూపు తన వైపు తిరిగింది. ఆ చూపులో కోపం లేదు. తర్వాత ఈ రోగం నీకేనా అన్నట్టు ఉంది.

మధ్యాహ్నానికి పెద్దది పరుగున ఇంటికొచ్చింది. చెల్లెలు ఫోను చేసి ఏడుస్తూ అంతా చెప్పేసింది. తనకి క్యాన్సరుందన్న సంగతి ఆ అమ్మాయికి తెలిసింది అలాగ, ప్రెస్సులో నిలబడి, అమ్మ చెంప దెబ్బ వెనకాల.

"నాన్నేరీ?"

"వెళ్ళిపోయారు. ఎక్కడికో తెలీదు."

"అమ్మ?"

రేడియో వెనక గది వైపు చూపించింది. లోపల్నుంచి చప్పుడు వస్తోంది. మెత్తటి దాని మీద బరువైనదేదో పడుతున్న చప్పుడు, ఆగి ఆగి. పెద్దది వెళ్ళి చూసింది. తల్లి గోడకి ఆనుకుని కూర్చుంది. చేతిలో పుస్తకాల వీపు గుండ్రం చేసే సుత్తి. దాంతో తన రొమ్ము మీద తనే కొట్టుకుంటోంది. కన్నీళ్ళు లేవు. పని చేసుకుంటున్నంత శ్రద్ధగా కొట్టుకుంటోంది.

"అమ్మా!"

"ఇక్కడ్నుంచే కదే తాగావు" అంది తల్లి. మళ్ళీ కొట్టుకుంది. "ఇక్కడ్నుంచే."

పెద్దది మీద పడి సుత్తి పట్టుకుంది. ఆవిడ వదల్లేదు. రోజంతా దారం బిగించి లాగే చేతులవి, మామూలు చేతులా? ఇద్దరూ నేల మీద పెనుగులాడారు. సుత్తి జారి పెద్దదాని మణికట్టుకి తగిలింది. "అబ్బా" అని ఆ పిల్ల అరిచేదాకా తల్లికి ఒంటి మీద స్పృహ రాలేదు. అప్పుడు సుత్తి వదిలేసి, కూతురి చెయ్యి పట్టుకుని, ఇల్లు అదిరేలా ఏడ్చింది.

"నన్నెందుకు కన్నావని అడుగు తల్లీ. నువ్వైనా అడుగు."

"నేను అడిగేది ఒకటే. డాక్టరు ఏం చెప్పిందో మీలో ఎవరైనా పూర్తిగా విన్నారా?"

తల్లి లేదన్నట్టు తలూపింది.

"నా రిపోర్టు నాకంటే ముందు నీ చెంపకి తెలిసింది. బాగుంది! ప్రూఫు చూడకుండానే అచ్చేసేశారన్నమాట. రేపు పొద్దున్నే నువ్వూ నేనూ ఆసుపత్రికి వెళ్తున్నాం. మొదటి మాట నుంచి చివరి మాట దాకా విని వద్దాం. అప్పటిదాకా నువ్వు సుత్తి ముట్టుకుంటే నా మీద ఒట్టే."

సాయంత్రం బైండరు తిరిగొచ్చాడు. భార్య ముఖం మీద నాలుగు వేళ్ళూ తేలి ఉన్నాయి. చూశాడు, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు. రేపు ఆసుపత్రికి రమ్మని పెద్దది పిలిస్తే, "వినాల్సింది విన్నాను. ఇంక వినేదేం లేదు" అన్నాడు. కూతురి మీద ఆయనకి ప్రేమ లేదా అంటే, ప్రాణం. ఆ పిల్లకి జ్వరమొస్తే ఈయన అన్నం మానేసే రకం. భయం వేసింది ఆయనకి, అంతే. భయం వేస్తే భయమేసిందని చెప్పొచ్చుగా? అది చేతకాక చెయ్యి లేపాడు.

మర్నాడు తల్లీ కూతురూ వెళ్ళిన గంటకి లారీ మామయ్య దిగాడు. దారం వదినకి తమ్ముడు. లారీలు బాగుచేసే మెకానిక్కు. మనిషి గుమ్మానికి అడ్డంగా నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. కబురు పంపింది ఎవరో వేరే చెప్పాలా? రేడియోనే.

"ఏం బావా" అన్నాడు మామయ్య, చాలా నెమ్మదిగా. "మా అక్క మీద చెయ్యి చేసుకున్నావంట?"

బైండరు అట్టముక్క కోస్తున్నాడు. తల ఎత్తలేదు. "మా ఇంటి గొడవ ఇది. నీకెందుకు?"

"మా ఇంటి పిల్ల కాబట్టి."

"ఓహో, మీ ఇంటి పిల్లా! అయితే మీ ఇంటి రోగం కూడా మీ ఇంట్లోనే ఉంచుకోవాల్సింది. నా గడపలోకి ఎందుకు పంపారు? పోయి మీ అమ్మనడుగు, చెప్తుంది!"

చనిపోయిన తల్లి పేరెత్తాక ఇంక మాటల్లేవు. మామయ్య ఒక్క అంగలో వచ్చి బావ చొక్కా పట్టుకుని లేపి గోడకేసి కొట్టాడు. నిన్నటి జిగురు మరక మీద బైండరు తల టంగుమంది. ఆయన మోకాలితో పొడిచాడు. ఇద్దరూ కలిసి కుంటి టేబులు మీద పడ్డారు. టేబులు ఒరిగింది. దాని మీద పేర్చిన నాలుగు వందల ఫారాలు నేలంతా పరుచుకున్నాయి. మామయ్య ముక్కు పగిలి రక్తం తెల్లటి పేజీల మీద టపటపా రాలింది. "మామయ్యా! నాన్నా! మీకు దణ్ణం పెడతాను, ఆపండి!" అని రేడియో గొంతు చించుకుంటోంది. ఎవరికి వినబడాలి?

బైండరు చేతికి అట్టలు కోసే కత్తి దొరికింది. దొరికిందంటే దొరికింది, ఎత్తాడు కూడా. మామయ్య ఆ మణికట్టు ఒడిసిపట్టి, కత్తి జారిపోయేలా మెలితిప్పాడు. ఆ మెలికలో పొయ్యి మీదున్న జిగురు గిన్నె వాళ్ళ మోచేతులకి తగిలి బోర్లాపడింది. మరిగే జిగురు బైండరు కుడిచెయ్యంతా పట్టేసింది. ఆయన కేక వీధి చివరిదాకా వినిపించింది. అయినా రెండో చేత్తో బావమరిది మెడ వదల్లేదు.

సరిగ్గా అప్పుడే గుమ్మంలోకి తల్లీ పెద్దకూతురూ వచ్చారు. దారం వదిన చేతిలో ఆసుపత్రి ఫైలు ఉంది. దాన్ని అక్కడే పడేసి వెళ్ళి ఇద్దరి మధ్యా దూరింది. ఎవరి చెయ్యి తగిలిందో ఏమో, ఆవిడ విసురుగా వెనక్కి వెళ్ళి కాగితాల్లో పడింది. అది కూడా వాళ్ళు చూడలేదు.

పెద్దది మాత్రం ఎవరినీ విడదీయలేదు. నేరుగా కటింగు మిషను దగ్గరికి నడిచింది. దాని కింద అంచులు కోయడానికి పేర్చిన ఇరవై కొత్త పుస్తకాలున్నాయి. ఆ కట్టని నట్టనడుముకి జరిపి, పొడవాటి పిడిని రెండు చేతులతో పట్టుకుని, బరువంతా వేసి కిందికి లాగింది. ధన్‌మని కత్తి దిగింది. ఇరవై పుస్తకాలు నలభై ముక్కలై చెరోవైపు పడ్డాయి.

గది నిశ్శబ్దమైపోయింది. బైండరు ఇంట్లో మనిషి తెగినా అంత నిశ్శబ్దం ఉండేది కాదేమో గాని, పుస్తకం తెగింది.

"ఇంకా కోయనా?" అంది పెద్దది.  "లేకపోతే వింటారా? రోగం నాది. చచ్చిపోతానేమోనని నెల రోజులుగా నిద్రలేనిది నాకు. మీరేమో నన్నొదిలేసి రక్తం ఎవరిదని కొట్టుకు చస్తున్నారు. ఒక్కళ్ళైనా నన్ను, నీకెలా ఉందే అని అడిగారా?"

మామయ్య చెయ్యి తీసేశాడు. బైండరు నేల మీద కూలబడ్డాడు. రేడియో నీళ్ళ బకెట్టు తెచ్చి తండ్రి చెయ్యి అందులో ముంచింది, మామయ్య ముక్కుకి తువ్వాలు ఇచ్చింది. అక్కని చూసి వెక్కుతూ, "చెప్పు. నాకూ వస్తుందా? అదొక్కటి చెప్పు ముందు" అంది.

"చెప్తాను, కూర్చో. దీని పేరు సెక్రీటరీ కార్సినోమా అంట."

"సెక్రెటరీయా? ఆఫీసులో ఉంటారే, ఆ సెక్రెటరీనా?" రేడియో రేడియోనే.

"నేనూ అదే అడిగాను, డాక్టరమ్మ నవ్వింది. సెక్రీటరీ అంటే స్రవించేది అని. ఆ కణాలు లోపల పాలలాంటి ద్రవం ఊరుస్తుంటాయి కాబట్టి ఆ పేరు. రొమ్ము క్యాన్సరు వచ్చిన వెయ్యిమందిలో ఒకరికి కూడా ఇది రాదు. చిన్న వయసువాళ్ళకీ వస్తుంది. మెల్లగా పెరుగుతుంది. ఆపరేషన్ చేసి తీసేస్తే చాలావరకు నయమైపోతుంది." ఆ పిల్ల తండ్రి ఎదురుగా చతికిలబడి, చిందరవందరగా పడున్న కాగితాల్లోంచి రెండు ఫారాలు ఏరింది. "నాన్నా, ఇటు చూడు. ఇది పన్నెండో ఫారం. ఇది పదిహేను. రెండూ మధ్యకి చిరిగాయనుకో." పర్రుమని రెండూ చింపింది. బైండరు ఒళ్ళు జలదరించింది. "ఈ పన్నెండులో సగాన్ని తెచ్చి ఆ పదిహేనులో సగానికి అతికించి కుట్టేశారనుకో. ఏమవుతుంది?"

"చదివేవాడు బూతులు తిడతాడు" అన్నాడాయన, అలవాటుగా.

"వాక్యం ఒకచోట మొదలై ఇంకోచోట ముగుస్తుంది. ఎవరూ రాయని కొత్త వాక్యం ఒకటి పుడుతుంది. నా ఒంట్లో ఏదో ఒక కణంలో అదే జరిగింది. మన జన్యువులన్నీ క్రోమోజోములని కట్టలు కట్టి ఉంటాయంట. అందులో పన్నెండోదీ పదిహేనోదీ తెగి, తప్పుగా అతుక్కున్నాయి. రెండు జన్యువుల ముక్కలు కలిసి ఒకటైపోయాయి. ఆ కొత్త వాక్యం 'పెరుగు, పెరుగు' అని చెప్తూనే ఉంటుంది, కణం వింటూనే ఉంటుంది. అదే ఈ గడ్డ."

బైండరు ఆ చింపిన ఫారాల్ని ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు. తన పనికి సంబంధించిన మాట కాబట్టి, జీవితంలో మొదటిసారి చివరిదాకా విన్నాడు.  తర్వాత అడిగాడు.

"అంటే... అచ్చులో తప్పు కాదా?"

"అచ్చులో తప్పైతే ఎన్ని కాపీల్లో ఉంటుంది నాన్నా?"

"అన్నిట్లోనూ."

"కుట్టులో తప్పైతే?"

"ఆ ఒక్క కాపీలోనే."

"నా రక్తం తీసి విడిగా పరీక్ష చేశారు. అమ్మమ్మ సంగతి డాక్టరమ్మకి ముందే చెప్పాను, అందుకని. రక్తంలో ఏ తేడా లేదు. ఆ అతుకు గడ్డలో మాత్రమే ఉంది. అమ్మ ఇచ్చింది కాదు, అమ్మమ్మ ఇచ్చింది కాదు. నేను పుట్టాక ఎప్పుడో దానంతటదే జరిగింది. డాక్టరమ్మ ఫోన్లో నీకు చెప్పబోయింది ఇదే. నువ్వు పెట్టేశావు." చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు వేరే కాపీవి. అందరు ఆడపిల్లల్లాగే జాగ్రత్తగా చూసుకుంటూ ఉండు, చాలు."

రేడియో అక్కని వాటేసుకుని బావురుమంది. మామయ్య తువ్వాల్లో ముఖం దాచుకున్నాడు. బైండరు కాలిన చెయ్యి బకెట్లోంచి తీసి, భార్య వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నీ తప్పు కాదంట" అన్నాడు. అది క్షమాపణ అనుకున్నాడు కాబోలు, పిచ్చి మనిషి.

దారం వదిన కాగితాల మధ్య నుంచి లేచింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆయన్ని ఏవండీ, మీరు అనే పిలిచింది. ఆరోజు అలా పిలవలేదు.

"అచ్చులో తప్పే అయ్యుంటే?" అంది.

ఆయనకి అర్థం కాలేదు.

"అయ్యుంటే కొట్టొచ్చా? మా అమ్మ నుంచే వచ్చుంటే, నా పాలలోంచే వచ్చుంటే, అప్పుడు కొట్టొచ్చా నన్ను? మా అమ్మేమైనా కావాలని తెచ్చుకుందా ఆ పుండు? చూడు, ఆ టేబులు కింద చూడు. నువ్వు మూడొందల పుస్తకాలకి తలకిందులుగా అట్టలు వేశావు. నీ చేత్తో నువ్వు చేసిన తప్పది. ఆరోజు నేను నిన్ను కొట్టానా? వేళ్ళు పుళ్ళు పడేదాకా నాలుగు రోజులు ఊడదీశాను. ఒక్క మాటన్నానా నిన్ను?"

"లేదు."

"నేను చెయ్యని తప్పుకి కొట్టావు. కొట్టడమే కాదు, నేనే చేశానని నాతో నమ్మించావు. నిన్న నా రొమ్ము మీద నేనే సుత్తితో కొట్టుకున్నాను, తెలుసా నీకు?"

తెలియదు. ఎవరూ చెప్పలేదు.  ఆవిడ రెండు చీరలు సంచిలో పెట్టుకుని, కూతుళ్ళిద్దర్నీ తీసుకుని తమ్ముడి వెంట వెళ్ళిపోయింది. గడప దాటుతూ, "ఆపరేషన్ అక్కడ్నుంచే చేయిస్తాను. ఆ చెయ్యి డాక్టరుకి చూపించుకో" అంది. అంతే.

ఇల్లు మూగదైపోయింది. జిగురు పల్చగా ఉందని అరవడానికి కూడా ఎవరూ లేరు. రెండు రోజులు బైండరు కట్టు కట్టిన చేత్తో నేల మీద కూర్చుని, పడిపోయిన ఫారాలన్నీ ఎడమచేత్తో ఏరి వరసబెట్టాడు. సైన్సు పుస్తకాలే అవి. ఎనిమిదో ఫారం చివరి పేజీలో మూడు ముక్కుల బొమ్మ కనిపించింది. ఎన్ని వేలసార్లు చూశాడో దాన్ని. పక్కనే తొమ్మిదో ఫారం ఉంది. ఎప్పుడూ లేనిది, దాని మొదటి పేజీ చదివాడు. "జన్యువుల్లో వచ్చే మార్పులన్నీ తల్లిదండ్రుల నుంచే రావు" అని మొదటి వాక్యం. అదీ అక్కడే, తన చేతి కింద, ఇన్నేళ్ళూ. ఆ రెండు ఫారాల్నీ ఆయన భార్యే కదా కలిపి కుట్టింది! బైండరు ఆ కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత లేచి, టేబులు కింద నుంచి ఆ తలకిందుల పుస్తకం లాగి, దుమ్ము తుడిచి, అందరికీ కనిపించేలా అలమారలో పైన పెట్టాడు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆసుపత్రి వరండాలో అయిదు కుర్చీలు వరసగా ఉన్నాయి. మొదటి దాంట్లో రేడియో, రెండో దాంట్లో దారం వదిన కూర్చున్నారు. లారీ మామయ్య ముక్కు మీద పట్టీతో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. పెద్దదాన్ని లోపలికి తీసుకెళ్ళి రెండు గంటలు దాటింది. బైండరు వచ్చాడు. చొక్కా బొత్తాలు ఒంటిచేత్తో పెట్టుకున్నాడేమో, ఒకటి కిందికి, ఒకటి మీదికి. బావమరిదితో, "ఆరోజు మీ అమ్మనన్నాను. తప్పు" అన్నాడు. మామయ్య తల పంకించాడు. ఆయన వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. భార్యకీ ఆయనకీ మధ్య రెండు కుర్చీలు ఖాళీ.

"నువ్వొకటి అడిగావు" అన్నాడు, నేల చూపులు చూస్తూ. "అచ్చులో తప్పైతే కొట్టొచ్చా అని. పదిరోజుల నుంచి దాని గురించే ఆలోచిస్తున్నాను. కొట్టకూడదు. ఏ తప్పైనా కొట్టకూడదు. నాకు భయమేసింది. దానికేమైనా అయితే నేను బతకలేనని భయమేసింది. ఆ మాట చెప్పడం రాక నిన్ను కొట్టాను."

ఆవిడ తల తిప్పలేదు. కానీ విన్నది. చివరిదాకా విన్నది.

అంతలో తలుపు తెరుచుకుంది. డాక్టరమ్మ బయటికొచ్చింది. అందరూ లేచారు. ఆవిడ ముఖాన ఉన్న గుడ్డ తీస్తూ, "ఆపరేషన్ అయిపోయిందండీ. గడ్డ మేం అనుకున్న దానికంటే కొంచెం పెద్దదే ఉంది" అంది.

రేడియో కెవ్వుమంది. మామయ్య గోడని గుద్దాడు. బైండరు మంచి చెయ్యి పిడికిలి బిగుసుకుంది, అలవాటు కదా. పాత బైండరైతే ఆ సగం మాటతో ఈపాటికి వరండా పీకి పందిరి వేసేవాడు. ఆయన ఆ పిడికిలిని మెల్లగా విప్పాడు. 

"మిగతాది కూడా చెప్పండమ్మా" అన్నాడు. "నేను పూర్తిగా వింటాను."

డాక్టరమ్మ ఒక్క క్షణం ఆయన్ని చూసి నవ్వింది. "పెద్దదే గాని, అంచులతో సహా మొత్తం తీసేశాం. చంకలో గ్రంథులు కూడా చూశాం, ఎక్కడికీ పాకలేదు. ఆ అతుక్కున్న జన్యువు మీదే పనిచేసే మందులు కూడా ఉన్నాయి, కానీ మీ అమ్మాయికి వాటి అవసరం పడేలా లేదు. కొన్నేళ్ళు క్రమం తప్పకుండా చూపించుకుంటూ ఉండాలి. మెలకువ వచ్చింది. మా నాన్న పూర్తిగా విన్నాడా అని అడుగుతోంది."

బైండరు కుర్చీలో కూలబడి భోరుమన్నాడు. ఈసారి ముఖానికి అడ్డేమీ పెట్టుకోలేదు, ఎవరు చూస్తున్నారని కూడా చూసుకోలేదు. దారం వదిన కాసేపు నిలబడి ఆయన్ని చూసింది. ముఖం మీద వేళ్ళ గుర్తులు పోయాయి గాని, అవి ఎక్కడున్నాయో ఆవిడకి ఇంకా తెలుసు.

తర్వాత ఆవిడ కూర్చుంది. తన పాత కుర్చీలో కాదు, ఒక కుర్చీ ఇటు జరిగి కూర్చుంది. ఒక్కటే. మధ్యలో ఇంకొకటి ఖాళీగానే ఉంది.

"బొత్తాలు సరిగ్గా పెట్టుకోండి" అంది. "పిల్ల చూస్తే నవ్వుతుంది."